బంగారుచేపకు జబ్బు చేసిందా?

మీ ఇంట్లోనో, మీ పాఠశాలలోనో గాజుతొట్టిలో బంగారుచేపలు ఉన్నాయా? అయితే ఏదో ఒక ఉదయం మీకు ఈ దృశ్యం కనిపించవచ్చు. నిన్నటిదాకా నింపాదిగా ఈదిన చేపలు ఇవాళ ఒకదాని వెంట ఒకటి పరుగులు తీస్తుంటాయి. ఒక చేప మొప్పల దగ్గర తెల్లని చుక్కలు కూడా ఉంటాయి. “అయ్యో, జబ్బు చేసింది! పైగా కొట్లాడుకుంటున్నాయి” అని మీరు కంగారుపడతారు. తొట్టిలో మందు వేద్దామనుకుంటారు. కాస్త ఆగండి. ముందు ఆ చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి.

చేపలకు తెల్లచుక్కల వ్యాధి ఉన్నమాట నిజమే. అది ఏకకణ పరాన్నజీవి వల్ల వస్తుంది. ఉప్పురవ్వ చల్లినట్లు ఒంటిమీద, తోకమీద, వాజాల మీద ఎక్కడంటే అక్కడ చుక్కలు పుడతాయి. చేప నీరసిస్తుంది, మేత తగ్గిస్తుంది, రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటుంది. ఇది అంటువ్యాధి. వెంటనే వైద్యం చేయాలి.

కాని, చుక్కలు మొప్పల మూతల మీద, ముందరి జత వాజాల అంచున మాత్రమే వరుసగా ఉండి, చేప చురుకుగా తిరుగుతుంటే అది జబ్బు కాదు. అది మగచేప అన్నమాట! సంతానోత్పత్తి కాలంలో మగచేపకు ఇలాంటి చిన్న చిన్న గట్టి బుడిపెలు వస్తాయి. ఆ కాలం గడిచాక సాధారణంగా అవి తగ్గిపోతాయి. ఇప్పుడు అనవసరంగా మందు వేస్తే చేపలకూ, పుట్టబోయే పిల్లలకూ హాని కలగవచ్చు.

ఇక ఆ పరుగుల సంగతి. ఎవరు ఎవరిని తరుముతున్నారో గమనించండి. ముందు పోయేది పొట్ట ఉబ్బిన ఆడచేప. పైనుంచి చూస్తే దాని పొట్ట ఒక పక్కకు ఎక్కువ ఉబ్బి కనిపించవచ్చు. వెనుక వచ్చే మగచేప దాని పొట్టను ముట్టెతో పొడుస్తూ, నీటిమొక్కల వైపు తోస్తుంది. చల్లని రోజులు పోయి నీరు మెల్లగా వేడెక్కి, 20 డిగ్రీల సెంటిగ్రేడు దాటే వేళ ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఆడచేప సిద్ధంగా ఉన్నదని మగచేపకు ఎలా తెలుస్తుంది? వాసన వల్ల! గ్రుడ్లు పక్వమై విడుదల కాగానే ఆడచేప నీటిలోకి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను వదులుతుంది. అవి ఏ కొద్దిగా ఉన్నా మగచేప ముక్కు పసిగట్టగలదని 1988లో సోరెన్సన్, స్టేసీ, వారి సహచరులు తెలియజేశారు.

ఆడచేప మొక్కల మధ్య వందలకొద్దీ గ్రుడ్లు చల్లుతుంది. మగచేప వాటిమీద శుక్రకణాలను వదులుతుంది. మీరు పాఠంలో చదివే బాహ్య ఫలదీకరణం ఇదే. జిగురుగా ఉండే గ్రుడ్లు ఆకులకు అంటుకుంటాయి.

అసలు ప్రమాదం ఇప్పుడే మొదలవుతుంది. తల్లిదండ్రులే ఆ గ్రుడ్లను తినేస్తాయి! కనుక గ్రుడ్లు అంటిన మొక్కలను మెల్లగా తీసి, అదే తొట్టి నీరు పోసిన మరో పాత్రలో ఉంచండి. ఫలదీకరణం చెందని గ్రుడ్లు తెల్లబడి బూజు పడతాయి. వాటిని తీసివేయండి. తక్కినవి, నీటి వేడినిబట్టి, దాదాపు నాలుగైదు రోజులలో పిల్లలవుతాయి. పిల్లలు బంగారు రంగులో లేవని నిరాశపడకండి. మొదట అవి మట్టిరంగులో ఉంటాయి. రంగు మారడానికి నెలలు పడుతుంది.

మరొక జాగ్రత్త. ఒకే ఆడచేపను చాలా మగచేపలు విడవకుండా తరిమితే అది అలసిపోతుంది, పొలుసులు ఊడవచ్చు. అప్పుడు దానిని కొంతసేపు వేరే తొట్టిలో ఉంచండి.

ఈసారి మీ తొట్టిలో తెల్లచుక్కలు కనిపిస్తే మందు సీసా వెతకడానికి ముందు భూతద్దం తెచ్చుకోండి. చుక్కలు ఎక్కడున్నాయి? చేప మేత తింటున్నదా? ఎవరు ఎవరిని తరుముతున్నారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు, తేదీతోను, నీటి ఉష్ణోగ్రతతోను సహా మీ నోటుపుస్తకంలో వ్రాయండి. ఏం చేయాలో ఆ జవాబులే మీకు చెబుతాయి.