12.3 వ్యక్తిగత రిపాజిటరీలు – ఫోర్క్ అనుమతులు

12.3.1 పరిచయం

కొన్ని సంస్థలు తమ సోర్స్ కోడ్‌ను బయటి సేవల్లో ఉంచకుండా సొంత సర్వర్‌లోనే భద్రపరచుకుంటాయి. ఇందుకు గిట్‌ల్యాబ్, గిటీ వంటి సాఫ్ట్‌వేర్లను వాడతారు. ఇవన్నీ 2005లో లినస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్‌పై ఆధారపడినవే. గిట్‌లో సాధారణ పద్ధతిలో క్లోన్ చేస్తే, ఫైళ్లతో పాటు వాటి మార్పుల చరిత్ర అంతా మన కంప్యూటర్‌లోకి వస్తుంది. ఈ లక్షణాన్ని గుర్తుంచుకుంటే ఫోర్క్ అనుమతుల విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

12.3.2 వ్యక్తిగత రిపాజిటరీ

కోడ్ సర్వర్‌లో రిపాజిటరీలు రెండు చోట్ల ఉండవచ్చు. మొదటిది బృందానికి చెందిన స్థలం. దీన్ని గిట్‌ల్యాబ్‌లో గ్రూప్ అనీ, గిటీలో ఆర్గనైజేషన్ అనీ అంటారు. రెండోది ప్రతి వినియోగదారుకు అతని పేరుతో ఉండే వ్యక్తిగత స్థలం. ప్రయోగాలకు, అభ్యాసానికి ఇది అనువైనది.

ఈ సౌకర్యాన్ని ఎంతవరకు ఇవ్వాలో సర్వర్ నిర్వాహకుడు నిర్ణయిస్తాడు. గిటీలో ఒక్కో వినియోగదారు సృష్టించగల రిపాజిటరీల గరిష్ఠ సంఖ్యను నిర్ణయించవచ్చు. ఆ విలువ -1 అయితే పరిమితి లేదని అర్థం. గిట్‌ల్యాబ్‌లో ప్రాజెక్టుల పరిమితిని 0గా ఉంచితే, ఆ వినియోగదారు తన వ్యక్తిగత స్థలంలో కొత్త ప్రాజెక్టును సృష్టించలేడు.

12.3.3 ఫోర్క్ – దాని అనుమతులు

ఒక రిపాజిటరీకి అదే సర్వర్‌లో, మరొక స్థలంలో తయారుచేసుకునే ప్రతిని ఫోర్క్ అంటారు. మూల రిపాజిటరీలో రాసే అనుమతి లేనివారు కూడా తమ ఫోర్క్‌లో మార్పులు చేసి, వాటిని స్వీకరించమని కోరవచ్చు. ఈ కోరికను గిటీలో పుల్ రిక్వెస్ట్ అనీ, గిట్‌ల్యాబ్‌లో మెర్జ్ రిక్వెస్ట్ అనీ అంటారు.

మూలం ప్రైవేట్ అయితే ఫోర్క్ కూడా ప్రైవేట్‌గానే ఏర్పడుతుంది. అయితే ఫోర్క్ ఒక స్వతంత్ర రిపాజిటరీ. దానిలోకి ఎవరిని చేర్చాలో నిర్ణయించేది దాని యజమాని. ఇందువల్ల మూడు చిక్కులు రావచ్చు.

(అ) ఒక డెవలపర్‌ను బృందం నుంచి తొలగించినా, అతని వ్యక్తిగత స్థలంలోని ఫోర్క్ దానంతటదే పోదు.

(ఆ) ఎవరో పొరపాటున డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కోడ్‌లో చేర్చారనుకుందాం. మూలం నుంచి దాన్ని తుడిచివేసినా, అంతకుముందే చేసిన ఫోర్క్‌లలో అది మిగిలే ఉంటుంది. కాబట్టి తుడిచివేయడం కంటే ముందు ఆ పాస్‌వర్డ్‌ను మార్చాలి.

(ఇ) బృందానికి అవసరమైన కోడ్ ఒకరి వ్యక్తిగత ఫోర్క్‌లోనే ఉండిపోతే, ఆ వ్యక్తి వెళ్లిపోయినప్పుడు పని ఆగిపోతుంది. అందుకే ఖాతాను తొలగించే ముందు అవసరమైన రిపాజిటరీలను బృంద స్థలానికి బదిలీ చేయాలి.

12.3.4 ఫోర్క్‌ను నిషేధిస్తే సరిపోతుందా?

ఫోర్క్‌ను నిషేధించినంత మాత్రాన కోడ్‌కు రక్షణ కలగదు. చదివే అనుమతి ఉన్నవారు కోడ్‌ను క్లోన్ చేసుకోగలరు. అలా చేసిన ప్రతి వారి కంప్యూటర్‌లో ఉంటుంది కనుక నిర్వాహకుడికి కనిపించదు. ఫోర్క్ మాత్రం సర్వర్‌లోనే ఉంటుంది. అది ఎవరిదో, ఎప్పుడు మారిందో నిర్వాహకుడు చూడగలడు, అవసరమైతే తొలగించగలడు. కాబట్టి రహస్యంగా ఉంచవలసిన కోడ్ విషయంలో ముందుగా నియంత్రించవలసింది చదివే అనుమతినే. ఫోర్క్ నియమం ఆ తరువాతిది.

బహిరంగ కోడ్ విషయంలో పరిస్థితి వేరు. అక్కడ ఫోర్క్ ఒక హక్కు వంటిది. గాగ్స్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి 2016లో గిటీ ఫోర్క్‌గా వెలువడింది. గిటీ నుంచి 2022లో ఫోర్జెయో వచ్చింది. స్వేచ్ఛా లైసెన్సు ఉన్నందువల్లే ఇది సాధ్యమయింది.

12.3.5 సారాంశం

వ్యక్తిగత రిపాజిటరీ ప్రయోగాలకు, ఫోర్క్ సహకారానికి ఉపయోగపడతాయి. చదివే అనుమతి ఇవ్వడమంటే ప్రతిని తీసుకునే అవకాశం ఇవ్వడమే. ప్రతి ఎక్కడ ఉండాలన్నదే ఫోర్క్ నియమం తేల్చే విషయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. క్లోన్‌కు, ఫోర్క్‌కు గల తేడా ఏమిటి?
2. మూల రిపాజిటరీ నుంచి పాస్‌వర్డ్‌ను తుడిచివేయడం ఎందుకు సరిపోదు?
3. ఒక ఉద్యోగి సంస్థను వీడినప్పుడు నిర్వాహకుడు పాటించవలసిన జాగ్రత్తలను రాయండి.