ఇంటిపన్ను బిల్లులో ఆ చిన్న లైను

మసాచుసెట్స్‌లో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్ళు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "బిల్లులో ఇంటిపన్ను కింద సీపీఏ అని ఇంకో లైను ఉందేమిటండీ? ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?" నేను పన్నుల నిపుణుణ్ణి కాను, ఐటీ కన్సల్టెంటుని. నా బిల్లు ముందు పెట్టుకుని తెలుసుకున్న సంగతులు మీతో చెప్తాను.

సీపీఏ అంటే కమ్యూనిటీ ప్రిజర్వేషన్ యాక్ట్. 2000లో వచ్చిన రాష్ట్ర చట్టం. ఊరి ఓటర్లు ఒప్పుకుంటేనే ఆ ఊళ్ళో అమలవుతుంది. ఇప్పటికి 190కి పైగా ఊళ్ళు ఒప్పుకున్నాయి. బోస్టన్ ఓటర్లు 2016లో ఒప్పుకున్నారు.

ఈ సర్‌ఛార్జి 3 శాతం దాటకూడదు. అదీ ఇంటి విలువ మీద కాదు, పన్ను మీద. మన ఊళ్ళలో ఇంటిపన్ను మీద గ్రంథాలయ సెస్సు వేస్తారు చూడండి, అదే పద్ధతి. ఉదాహరణకి ఇంటి విలువ 6 లక్షల డాలర్లు, పన్ను వెయ్యికి 12 డాలర్లు అనుకుందాం. పన్ను 7,200. దాని మీద 3 శాతమంటే ఏడాదికి 216 డాలర్లు. చాలా ఊళ్ళు ఇంటి విలువలో మొదటి లక్షకి మినహాయింపు ఇస్తాయి. అప్పుడు 180 అవుతుంది.

దీనికి రాష్ట్రం కూడా కొంత కలుపుతుంది. ఆ నిధి ఇళ్ళ రిజిస్ట్రేషన్ ఫీజుల నుంచి వస్తుంది. అంటే మీ ఊరు సీపీఏలో చేరకపోయినా ఆ ఫీజు మీరు కడుతూనే ఉన్నారన్నమాట!

ఏటా వచ్చిన దాంట్లో కనీసం పదేసి శాతం ఖాళీ స్థలాల రక్షణకీ, చారిత్రక కట్టడాలకీ, తక్కువ ఆదాయం వారి ఇళ్ళకీ కేటాయించాలి. మిగతాది ఈ మూడింటికీ, ఆటస్థలాలకీ వాడవచ్చు. రోజువారీ మరమ్మతులకీ, స్టేడియంలకీ మాత్రం వాడకూడదు.

ఎవరు నిర్ణయిస్తారంటారా? 5 నుంచి 9 మంది ఉండే ఊరి కమిటీ సిఫార్సు చేస్తుంది. టౌన్ మీటింగో, సిటీ కౌన్సిలో ఆమోదిస్తుంది. కమిటీ అడిగిన మొత్తాన్ని వాళ్ళు తగ్గించవచ్చు, తిరస్కరించవచ్చు, పెంచడానికి మాత్రం వీల్లేదు. కమిటీ చెప్పనిది అసలు అక్కడిదాకా రాదు. కాబట్టి అసలు కీలకం కమిటీ దగ్గరే ఉంది.

మనలో చాలామంది వీసా మీదో, గ్రీన్ కార్డు మీదో ఉన్నాం. పన్ను కడతాం, ఓటు లేదు. కానీ ఊరి అవసరాలు తెలుసుకోవడానికి కమిటీ ఏటా కనీసం ఒక బహిరంగ సభ పెట్టాలని చట్టమే చెబుతోంది. అక్కడ మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. పిల్లలకి క్రికెట్ ఆడుకునే చోటు లేదని, అమ్మానాన్నలు సాయంత్రం నడవడానికి దారి లేదని మనలో మనం అనుకుంటూ ఉంటాం. ఆ మాట అక్కడ చెప్పాలి. మనం చెప్పకపోతే అడిగినవాళ్ళ పనులే జరుగుతాయి.

మీ ఊరి కమిటీ సభ ఎప్పుడో టౌన్ హాల్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. నలుగురు కలిసి వెళ్ళండి. సెలవు.