జున్ను వేరు, చీజు వేరు

మన నిఘంటువులు చీజునకు ‘జున్ను’ అని అర్థము చెప్పుచున్నవి. ఆ మాట నమ్మి రామచంద్రపురములో ఎవరైన రొట్టెముక్కల నడుమ జున్ను పెట్టి పెనముపై కాల్చినచో నిరాశయే మిగులును. అది కరగదు.

గేదె ఈనిన తొలిదినముల జున్నుపాలలో రోగనిరోధక మాంసకృత్తులు మిక్కిలిగా ఉండును. బెల్లము, మిరియాలపొడి కలిపి ఆవిరిపై ఉడికించినప్పుడు అవి కోడిగ్రుడ్డు తెల్లసొనవలె గట్టిపడును. ఉడికిన గ్రుడ్డును ఎవరు కరగించగలరు? నిమ్మరసముతో విరిచిన పన్నీరును అంతే. ఆమ్లము కాల్షియమును తొలగించగా, కేసీను అను మాంసకృత్తు కణములు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనును.

చీజు రెన్నెట్ అను ఎంజైముతో పేరినది. దాని కేసీను వలలో కొవ్వుబొట్లు చిక్కుకొని ఉండును. వేడికి కొవ్వు ద్రవించి, వల సడలి, సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సాగును. రొట్టె చక్కగా ఎర్రబడుటకు మాత్రము 140 డిగ్రీల వరకు కావలెను. 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ వివరించిన చర్య ఇదియే.

చిక్కు ఇక్కడనే ఉన్నది. గాలితో నిండిన రొట్టె వేడిని తొందరగా లోనికి పోనీయదు. పెద్దమంటపై రొట్టె మాడును, చీజు కదలదు. కనుక చీజును తురిమి, పచ్చిమిర్చి, ఉల్లి, కొత్తిమీర సన్నగా తరిగి కలిపి, రొట్టె వెలుపల వెన్న రాచి, సన్నమంటపై మూతపెట్టి కాల్చవలెను.

మిరపలోని కాప్సైసిన్ కొవ్వులో కరగును, నీటిలో దాదాపు కరగదు. నోరు మండినప్పుడు నీటికన్న చిక్కని మజ్జిగ మేలు. మిర్చి తరిగిన చేతులకు ముందు నూనె రాచి, పిమ్మట సబ్బుతో కడుగవలెను.