ఇరానీ హోటల్ల అందరికీ ఒక్కటే కప్పు. మరి మన ఊరి హోటల్ల?

సికింద్రాబాద్ స్టేషన్ల రైలు దిగి బయటికొస్తే ఎదురుంగనే ఆల్ఫా హోటల్ కనపడ్తది. కోచింగ్‌కు వచ్చే పోరలు, దవాఖానకు వచ్చే ముసలోళ్లు, పని ఎతుక్కుంట వచ్చేటోళ్లు పట్నంల తాగే మొదటి చాయ్ చానాసార్లు గిసొంటి హోటల్లనే. యూట్యూబ్ తెరిస్తే ఇరానీ చాయ్ మీద వీడియోలు మస్తున్నయి. ఏడ బాగుంటది, ఏడ చిక్కగుంటది అని రుచి కాడనే ఆగిపోతరు. నాకైతే ఆ రుచికన్న ఆ కప్పు పెద్ద ముచ్చట అనిపిస్తది.

చాయ్ ముచ్చట కూడ చెప్పాలె గదా, అది చెప్పి ముందుకు పోత. మన ఇండ్లల్ల నీళ్లు, పాలు, చాయ్ పత్తి, చక్కెర అన్నీ ఒక్క గిన్నెల ఏసి మరిగిస్తం. ఇరానీ హోటల్ల రెండు పొయ్యిల మీద రెండు పనులు నడుస్తయి. ఒకదాని మీద చాయ్ పత్తి ఏసిన నీళ్లకు మూత గట్టిగ బిగించి, సన్నని సెగ మీద చానాసేపు ఉంచుతరు. బిర్యానీకి దమ్ము పెట్టినట్టే. ఇంకోదాని మీద పాలు చిక్కబడేదాంక మరుగుతుంటయి. గిరాకీ రాంగనే కప్పుల డికాషన్ పోసి మీదకెళ్లి పాలు కలుపుతరు. జేబుల పైసలు తక్కువుంటే ‘వన్ బై టూ’ అంటే సాలు, ఒక్క చాయ్‌ని ఇద్దరికి పంచి ఇస్తరు. పక్కకు ఉస్మానియా బిస్కట్. దాని పేరుల ఉన్నది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్.

ఈ హోటళ్లు పెట్టినోళ్లు 19వ శతాబ్దం చివరికెళ్లి 20వ శతాబ్దం మొదటి సగం దాంక ఇరాన్ నుంచి, ముఖ్యంగ యజ్ద్ దిక్కునుంచి బతుకుదెరువుకు వచ్చినోళ్లు. మన పాలమూరోళ్లు మూటముల్లె సదురుకోని బొంబాయి పోయినట్టే. చానామంది ముందుగాల బొంబాయిల దిగి, ఆడికెళ్లి పుణె, హైదరాబాద్ పట్టిన్రు. బొంబాయిల ఇరానీ హోటళ్లోళ్లు ఎక్కువగ జొరాస్ట్రియన్లు, హైదరాబాద్‌ల ఎక్కువగ ముస్లింలు. ఆబిడ్స్‌ల గ్రాండ్ హోటల్ 1935ల పెట్టిన్రు.

ఆ కాలం ఎట్లాంటిదో జర యాది చేసుకోండ్రి. బ్రిటిషోళ్ల రైల్వే స్టేషన్లల్ల ‘హిందూ పానీ, ముస్లిం పానీ’ అని తాగే నీళ్లకే మతం ఉండె. కాఫీ హోటళ్ల ముంగట ‘బ్రాహ్మణ హోటల్’ అని బోర్డులు ఉండె. గసొంటి దినాలల్ల ఇరానీ హోటల్ల పాలరాతి బల్ల ముంగట ఏ కుర్చీ ఖాళీగుంటే ఆ కుర్చీల కూసునేది. నీ కులమేందని ఎవ్వలు అడగలే. రిక్షా తొక్కేటాయన తాగిన కప్పునే కడిగి ఆఫీసు గుమస్తాకు ఇచ్చిన్రు. ఆబిడ్స్ ఓరియంట్ హోటల్ల మఖ్దూం మొహియుద్దీన్ అసొంటి కవులు, కార్మిక నాయకులు గంటలకు గంటలు కూసోని మాట్లాడుకున్నరు. ఇప్పుడా హోటల్ లేదు.

ఇరానీలేం కులం పోగొట్టనీకి హోటల్ పెట్టలే. గల్లాపెట్టె నిండాలని పెట్టిన్రు. మన కులం లెక్కలకు బయటోళ్లు కాబట్టి వాళ్లకు ఆ పట్టింపు లేకుండె. అంతా మంచే అని కూడ అంటలేను. ఆ బల్లల కాడ ఆడోళ్లు కూసునుడు చానా తక్కువ. కప్పులు కడిగే చిన్న పోరల ముచ్చట ఏ వీడియోల ఎవ్వలు చెప్పలే.

ఇగ మన ఊరి హోటల్‌కు వద్దాం. రెండు గ్లాసుల పద్ధతి అంటే ఈ తరం పోరలల్ల కొందరికి ఎరుకలేదు. మాదిగ, మాల వాడలోళ్లకు వేరే గ్లాసులు. బయట గూట్లనో, చూరుకిందనో పెడ్తరు. వాళ్లే తీసుకోవాలె, కిందనే కూసోని తాగాలె, వాళ్లే కడిగి మళ్ల ఆడనే పెట్టాలె. బెంచీ ఎక్కొద్దు. దీని మీద దళిత సంఘాలు, 1998ల పుట్టిన కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం ఊరూరు తిరిగి కొట్లాడినయి. చానా ఊర్లల్ల ఆ గ్లాసులు మాయమైనయి.

గ్లాసులు పోయినా, బుద్ధి పోయిందా? “ఇప్పుడేడిదన్నా, అందరికీ పేపర్ కప్పే గదా” అంటరు. నిజమే, కొన్ని ఊర్లల్ల గట్లనే ఉంది. కొన్ని ఊర్లల్ల మాత్రం తెలిసినోళ్లకు గాజు గ్లాసు, వాడకెళ్లి వచ్చినోళ్లకు పేపర్ కప్పు. కప్పు పారేసేది కాబట్టి కడిగే పని లేదు, అంటు మాట నోటికెళ్లి రాదు, కేసూ కాదు. వివక్ష కండ్లకు కనపడకుంట చెత్తబుట్టల పడిపోతది. అందుకే ఊర్ల హోటల్‌కు పోయినప్పుడు కప్పు ఒక్కటే సూడొద్దు. బెంచీ మీద ఎవ్వలు కూసున్నరు, బయట నిలబడి ఎవ్వలు తాగుతున్నరు, ఎవ్వల చేతికిస్తున్నరు, ఎవ్వలకు దూరంకెళ్లి కింద పెడ్తున్నరు, ఇవన్నీ సూడాలె.

చట్టం ముచ్చట తెల్వకుంటే కొట్లాడలేం. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లల్లకు పోనీకి కులం అడ్డం పెట్టొద్దని పేరుపెట్టి చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ హోటల్ల జనం కోసం పెట్టిన గిన్నెలు, గ్లాసులు వాడనియ్యకపోవుడు నేరమన్నది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015ల సవరించినప్పుడు ఇదే ముచ్చట అందుల కూడ చేర్చిన్రు. శిక్ష ఆరు నెలలకెళ్లి ఐదేండ్ల దాంక. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలె. కేసు కట్టెటందుకు ముందస్తు విచారణ అక్కర లేదని 2018 సవరణల రాసి ఉంది. “ముందు ఎంక్వైరీ చేస్తం, తర్వాత సూద్దాం” అని స్టేషన్ల అంటే ఈ ముచ్చట చెప్పాలె.

మీ ఊర్ల గిట్ల ఉంటే ముందుగాల నలుగురు కలిసి పోండ్రి, బెంచీ మీద కూసోని చాయ్ అడగండ్రి. ఒక్కలే పోవద్దు. ఏం గ్లాసు ఇచ్చిన్రు, ఏమన్నరు, ఏ తారీఖు, ఏ టైం, పక్కన ఎవ్వలున్నరు, అన్నీ రాసి పెట్టుకోండ్రి. ఫోన్‌ల ఫొటో తియ్యండ్రి. ఫిర్యాదు రాసిచ్చి, ఎఫ్ఐఆర్ కాపీ అడగండ్రి, అది పైసలు లేకుంటనే ఇయ్యాలె. స్టేషన్ల పట్టించుకోకుంటే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల మీద దేశమంతటికీ ఒక్క హెల్ప్‌లైన్ ఉంది, 14566.