మొక్కలకు పొద్దున్నే నీళ్లెందుకు పోయాలి?

శంషాబాద్ దగ్గరి మంఖాల్‌లోనైనా, హైదరాబాద్ శివార్లలో ఇంకెక్కడైనా మే నెల మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. మరి పెరట్లోని బెండ, టమాటా మొక్కలు తట్టుకోవాలంటే? పొద్దున్నే నీళ్లు పోయాలి.

ఎందుకు?

ఆకుల్లో కంటికి కనిపించనంత సన్నని పత్రరంధ్రాలుంటాయి. వెలుతురు రాగానే అవి తెరుచుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళ్తుంది, నీరు ఆవిరై బయటికి పోతుంది. ఆ లోటును వేళ్లు పూడ్చాలి. నీరు చాలకపోతే మొక్క రంధ్రాలు మూసేసుకుంటుంది. అప్పుడు ఆహారం తయారీ కూడా తగ్గిపోతుంది. అందుకే ఎండ ముదిరేలోపే వేళ్లకు తడి అందాలి.

పొద్దున నేల చల్లగా, గాలి తేమగా ఉంటుంది. పోసిన నీరు ఆవిరి కాకుండా లోపలికి ఇంకుతుంది. ఎర్ర చెల్క నేలలు నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేవు కాబట్టి ప్రతి చెంబూ విలువైనదే.

సాయంత్రం పోయకూడదా? పోయవచ్చు. కానీ ఉక్కపోత రోజుల్లో తడిసిన ఆకులు రాత్రంతా ఆరవు. శిలీంధ్రాలకు అదే అదను. పొద్దున తడిస్తే ఎండకు ఆరిపోతాయి.

ఎలా?

మట్టిలో వేలు గుచ్చి చూడండి. లోపల తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా ఉంటే మొదలు చుట్టూ నెమ్మదిగా పోయండి. పైన ఎండుటాకులు పరవండి, తడి నిలుస్తుంది.

గమనించండి!

తెల్లవారుజామున టమాటా ఆకు అంచున వరుసగా చుక్కలుంటే, అది మంచు కాకపోవచ్చు. తేమ నిండిన రాత్రి వేళ్లు తోడిన నీరే అలా బయటికొస్తుంది. దాన్ని బిందుస్రావం అంటారు. రేపు మీ పెరట్లో ఏ మొక్కలు అలా చేస్తున్నాయో వెతికి, నోట్‌బుక్‌లో రాసుకోండి.