జలోదరంలో నీరు తీసిన తరువాత పేగుకు కలిగే అరుదైన ముప్పు

కాలేయం మచ్చలు కట్టి గట్టిపడిన స్థితిని సిరోసిస్ అంటారు. ఈ స్థితిలో కాలేయ నిర్వాహక సిరలో ఒత్తిడి పెరుగుతుంది. మూత్రపిండాలు ఉప్పును, నీటిని శరీరంలోనే నిలుపుతాయి. ఫలితంగా పొట్టలో ద్రవం చేరుతుంది. ఇదే జలోదరం. పొట్ట బాగా బిగిసినప్పుడు, లేదా మందులకు తగ్గనప్పుడు సూదితో ఆ నీరు తీస్తారు. ఈ ప్రక్రియను పారాసెంటెసిస్ అంటారు. ఒకేసారి 5 లీటర్లకు మించి తీస్తే, తీసిన ప్రతి లీటరుకు 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్‌ను సిర ద్వారా ఎక్కిస్తారు. ఇది రక్తప్రసరణను, మూత్రపిండాలను కాపాడుతుంది.

ఈ ప్రక్రియ సాధారణంగా సురక్షితమే. అయితే పేగుకు సంబంధించిన రెండు అరుదైన చిక్కులను మీరు గుర్తుంచుకోవాలి.

1. పేగుకు రంధ్రం పడడం: ద్రవంలో తేలే పేగులు సూది తగిలితే పక్కకు జరుగుతాయి. పాత ఆపరేషన్ వల్ల పొట్ట గోడకు అతుక్కున్న పేగు అలా జరగలేదు. అందుకే పాత కోత మచ్చలకు దూరంగా, వీలైతే అల్ట్రాసౌండ్ సాయంతో సూది గుచ్చుతారు.

2. హెర్నియాలో పేగు చిక్కుకోవడం: జలోదరం ఉన్నవారిలో సుమారు 20 శాతం మందికి బొడ్డు హెర్నియా ఉంటుంది. పొట్ట బిగువుగా ఉన్నంతకాలం ఆ రంధ్రం సాగి ఉంటుంది. పేగు లోపలికీ బయటికీ కదులుతుంది. నీరు తీయగానే ఒత్తిడి తగ్గి రంధ్రం కుంచించుకుంటుంది. అప్పటికి బయట ఉన్న పేగు మెలిక, నాడా లాగిన సంచి మూతిలో ఇరుక్కున్నట్లు బిగుసుకుపోతుంది. రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే అది కుళ్లవచ్చు.

మడికొండకు చెందిన ఒక రోగి వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో నీరు తీయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరాడనుకుందాం. పొట్ట తేలికైంది. రాత్రి బొడ్డు దగ్గర నొప్పి మొదలైతే ఇంటివారు దాన్ని గ్యాస్ నొప్పిగా భావించే అవకాశముంది. ఉబ్బు గట్టిపడి, పడుకున్నా లోపలికి పోకపోవడం, వాంతులు, మలం, అపానవాయువు ఆగిపోవడం, జ్వరం, బొడ్డుపై చర్మం రంగు మారడం - వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఉబ్బును బలవంతంగా నొక్కకూడదు. సొంతంగా నొప్పి మాత్రలు వేయకూడదు. వాటిలో చాలావరకు సిరోసిస్ రోగి మూత్రపిండాలకు హాని చేస్తాయి. వెంటనే 108కు ఫోన్ చేయాలి. నీరు తీయించుకున్న సంగతి, హెర్నియా ఉన్న సంగతి డాక్టరుకు ముందుగా చెప్పాలి.

ఈ భయంతో నీరు తీయించుకోవడం మానరాదు. ఒత్తిడి అలాగే ఉంటే హెర్నియాపై చర్మం పలచబడి చిట్లే ప్రమాదముంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పొట్టలో ఒత్తిడి తగ్గిన తరువాతే పేగు చిక్కుకోవడానికి కారణమేమిటి?