తెర మీద బోల్టు బిగుసుకోదు

ఊళ్లో జనం బోరింగు అని పిలుచుకునే చేతిపంపు అసలు పేరు ఇండియా మార్క్-2. షోలాపూర్‌లో అప్పటికే వాడుకలో ఉన్న పంపును మెరుగుపరిచి, యూనిసెఫ్ సాయంతో 1970లలో రూపొందించారు. దాని కొలతలను భారతీయ ప్రమాణం ఐఎస్ 9301లో నిర్దేశించారు. అందుకే కంప్యూటర్లో యంత్రాలు గీయడం నేర్చుకునేవాళ్లకు అది మంచి అభ్యాసం. స్టాండు, నీటి తొట్టి, దాని మీద తల, ఇరుసు, హ్యాండిల్, గొలుసు, కడ్డీ: అన్నీ గీసి, పేర్చి, రంధ్రాల్లో బోల్టులు కూడా దూర్చాక చూడ్డానికి పంపు సిద్ధమైనట్టే ఉంటుంది. మౌస్‌తో హ్యాండిల్ పట్టుకుని లాగితే మాత్రం అది ఇరుసును వదిలేసి, ఇనుప తలలోంచి దూసుకుపోయి తెర అంచున తేలుతుంది. బోల్టులు ఉన్నచోటే ఉంటాయి.

ఇలా గీయడానికి వాడే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో బరువు లేదు, రాపిడి లేదు, ఇనుముకు ఇనుము అడ్డం రాదు. అక్కడ బోల్టంటే ఉత్త ఆకారం. భాగాలను పట్టి ఉంచేది డిజైనర్ విడిగా పెట్టే షరతు: ఈ ముఖం ఆ ముఖానికి ఆనాలి, ఈ ఇరుసు నడిగీత ఆ రంధ్రం నడిగీతతో కలవాలి. ఈ షరతును సాలిడ్‌వర్క్స్‌లో మేట్ అంటారు, ఇన్వెంటర్‌లో కన్‌స్ట్రెయింట్, ఫ్యూజన్‌లో జాయింట్.

ఆలోచన పాతదే. 1963లో ఎంఐటీ విద్యార్థి ఇవాన్ సదర్లాండ్ తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ రాశాడు. టీఎక్స్-2 కంప్యూటర్ తెర మీద లైట్ పెన్‌తో గీతలు గీసి, ఈ రెండూ సమాంతరంగా ఉండాలని చెబితే యంత్రమే వాటిని సరిదిద్దేది. ఇలాంటి షరతుల లెక్క తేల్చే భాగాన్ని ఇప్పుడు సాల్వర్ అంటారు. 1989లో కేంబ్రిడ్జ్‌లో మొదలైన డి-క్యూబ్డ్ సంస్థ సాల్వర్లనే తయారుచేసి క్యాడ్ కంపెనీలకు ఇస్తూ వచ్చింది. పైకి పోటీ పడే సాఫ్ట్‌వేర్లు కొన్నింటి లోపల లెక్కచేసేది ఆ ఒక్క సంస్థ సరుకే.

సాల్వర్ లెక్కంతా ఆరు అంకె చుట్టూ తిరుగుతుంది. గాల్లో వదిలిన ఏ గట్టి వస్తువుకైనా ఆరు రకాల కదలికలుంటాయి. మూడు దిక్కుల్లో జరగగలదు, మూడు అక్షాల చుట్టూ తిరగగలదు. నీటి తొట్టి అడుగున బోల్టులు బిగించే పళ్లేన్ని, అంటే ఫ్లాంజ్‌ను, స్టాండు ఫ్లాంజ్‌కు ఆనిస్తే మూడు పోతాయి: పైకీ కిందికీ జరగడం, రెండు వైపులకు ఒరగడం. ఒక బోల్టు రంధ్రాన్ని కింది రంధ్రంతో కలిపితే పక్కలకు జారడం కూడా ఆగి, ఆ రంధ్రం చుట్టూ తిరగడమొక్కటే మిగులుతుంది.

ఇక్కడే కొత్తవాళ్లు తప్పటడుగు వేస్తారు. మిగిలిన ఒక్క తిరుగుడును ఆపడానికి రెండో రంధ్రాన్ని కూడా అలాగే కలుపుతారు. ఆపాల్సింది ఒకటైతే ఈ షరతు రెండింటిని అడుగుతుంది. తిరగకూడదు అనడంతో పాటు, రెండు ఫ్లాంజుల్లోనూ రంధ్రాల మధ్య దూరం అచ్చంగా ఒకటే కావాలంటుంది. గీతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా సాఫ్ట్‌వేర్ ఎర్ర గుర్తు చూపించి మొరాయిస్తుంది. అది సాఫ్ట్‌వేర్ చాదస్తం కాదు. వర్క్‌షాపులో భాగాన్ని కదలకుండా పట్టి ఉంచే ఫిక్స్‌చర్ తయారుచేసేవాళ్లు ఒక పిన్నును గుండ్రంగా ఉంచి, రెండోదాన్ని రెండు పక్కలా అరగదీసి వజ్రం ఆకారంలో చేసేది ఈ కారణానికే. రెండో పిన్ను తిరుగుడును మాత్రమే ఆపుతుంది, దూరం సంగతి పట్టించుకోదు. తెర మీద కూడా రెండో చోట, ఈ అంచు ఆ అంచుకు సమాంతరం అన్న షరతు చాలు.

ఇంత తలనొప్పి ఎందుకని, చాలామంది ప్రతి భాగాన్నీ ఉన్నచోటే కదలకుండా నిలిపే ఫిక్స్ నొక్కేస్తారు. అన్నీ నిలబడిపోతాయి. అయితే ఫిక్స్ చేసిన తొట్టి స్టాండుకు అతుక్కోలేదు, శూన్యంలో ఒక బిందువుకు మేకు కొట్టినట్టు నిలిచింది. స్టాండు ఎత్తు వంద మిల్లీమీటర్లు పెంచగానే ఈ సంగతి బయటపడుతుంది. స్టాండు పెరిగి తొట్టిలోకి పొడుచుకుపోతుంది, తొట్టి మాత్రం ఉన్నచోటు వదలదు. కొలతలు మారడం ఊహాగానమేమీ కాదు. మార్క్-2లో నీరెక్కే పైపు 32 మిల్లీమీటర్లది. పైపు పైకి తీయకుండానే పిస్టన్‌ను బయటికి లాగేందుకు వీలుగా మార్క్-3లో దాన్ని 65 చేశారు. అలాంటి మార్పు వచ్చినప్పుడు పైపును పట్టుకున్న తొట్టీ, దాని మీది తలా ఆ మార్పు వెంట నడవాలంటే అవి పొరుగు భాగానికి కట్టుబడి ఉండాలి.

కాబట్టి ఈ పంపులో ఫిక్స్‌కు తగినది ఒక్కటే, కాంక్రీటు దిమ్మెలో పాతుకునే స్టాండు. తొట్టిని, తలను కదలని జోడింపుతో దాని మీద నిలపాలి. ఫ్యూజన్‌లో దీన్ని రిజిడ్ జాయింట్ అంటారు, ఆన్‌షేప్‌లో ఫాసెన్డ్ మేట్. హ్యాండిల్‌కు ఇరుసు చుట్టూ తిరిగే స్వేచ్ఛ, కడ్డీకి పైకీ కిందికీ జారే స్వేచ్ఛ మిగల్చాలి. చిక్కు గొలుసుతోనే. ఒక్కో లింకునూ జోడించబోతే కంప్యూటర్ రొప్పుతుంది. హ్యాండిల్ చివర గొలుసు ఒదిగే వంపు వృత్తఖండం. హ్యాండిల్ ఎంత కోణం తిరిగితే కడ్డీ అంత నిష్పత్తిలో లేస్తుంది. అందుకని గొలుసును పక్కనపెట్టి, ఆ రెంటి మధ్య పళ్లచక్రానికీ పళ్లకడ్డీకీ పెట్టే ర్యాక్ అండ్ పినియన్ షరతు పెడితే పని జరిగిపోతుంది. ఇది కొంచెం దొంగాటే, కానీ కదలిక లెక్క తప్పదు.

షరతులు సరిగా పెట్టినా అవి తెగిపోయే ప్రమాదం ఇంకోటుంది. ఏ ముఖం ఏదో సాఫ్ట్‌వేర్ లోపల గుర్తుపెట్టుకునే తీరును బట్టి, భాగంలో ఒక కొత్త రంధ్రం వేస్తే ఆ గుర్తులు తారుమారై, షరతు వేరే ముఖానికి తగులుకుంటుంది. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌ను ఈ జబ్బు ఏళ్లపాటు పీడించింది. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్ దాన్ని చాలావరకు తగ్గించి, భాగాలను జోడించే సొంత అసెంబ్లీ విభాగాన్ని కూడా చేర్చింది. చేయి తిరిగినవాళ్లు ముఖాల జోలికి పోకుండా, సులువుగా మారని నడిగీతలకూ మూలతలాలకూ షరతులు కడతారు.

కార్లు, విమానాల దగ్గరికొచ్చేసరికి పద్ధతి తలకిందులవుతుంది. వేల భాగాలకు వేల షరతులు పెడితే సాల్వర్ చతికిలపడుతుంది. అందుకని బండి మొత్తానికీ ఒకే మూలబిందువు పెట్టుకుని, ప్రతి భాగాన్నీ అది ఉండాల్సిన చోటే గీసి, అక్కడే ఫిక్స్ చేస్తారు. కొత్తవాళ్లు చేస్తే తప్పయ్యే పని అక్కడ నియమం. పొరుగు భాగం మారితే దాని వెంట తమ భాగాన్నీ మార్చుకోవడం ఆయా బృందాల బాధ్యత. తలుపు, స్టీరింగు, విమానం చక్రాలు ముడుచుకునే ఏర్పాటు లాంటి కదిలే భాగాలకు మాత్రం విడిగా చిన్న అసెంబ్లీలు కట్టి, జాయింట్లు పెట్టి ఆడించి చూస్తారు.